కథ ఉంటే ఆడేవారి తీరు మారుతుందా? గుణుపురం చిన్న రైలు ఆట గురించి ఒక సందేహం

గుణుపురం_గార్డు అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని గుణుపురంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం నేనూ, నా గదిలో ఉండే మిత్రుడూ కలిసి ఒక చిన్న వీడియో గేమ్ తయారు చేస్తున్నాం. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి మొదలై, ఆ తరువాత మా ఊరి దాకా పొడిగించిన నేరోగేజి రైలు ఈ ఆటకు ఆధారం. ఆడేవారు ఆ రైలుకు గార్డు. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ వంటి స్టేషన్లలో ఎంతసేపు ఆగాలో, పచ్చజెండా ఎప్పుడు ఊపాలో నిర్ణయించుకోవడమే ఆటంతా. వేళకు గుణుపురం చేరితే మార్కులు పూర్తిగా వస్తాయి. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ కొన్ని తగ్గుతాయి.

మొదట కథ ఏమీ లేకుండా తయారు చేశాం. ప్లాట్‌ఫారం మీద మనుషులు ఉంటారు, వారు ఎవరో తెలియదు. హాస్టల్లో ఆడించి చూస్తే అందరూ వేళ చూసుకొని జెండా ఊపేశారు. పరుగెత్తుకొస్తున్నవారు వెనక మిగిలిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. తరువాత ఆట నియమాలలో ఒక్కటి కూడా మార్చకుండా ప్రయాణికులకు తలా ఒక కథ రాశాను. పనసకాయల తట్టతో సంతకు బయలుదేరిన ముసలమ్మ ఉంది, పర్లాకిమిడి ఆసుపత్రిలో ఉన్న అన్నకు క్యారేజీ తీసుకెళ్లే పిల్లవాడు ఉన్నాడు, జీతం అందలేదని గొణుక్కునే గుమాస్తా ఉన్నాడు. ఈసారి కొందరు, మార్కులు తగ్గుతున్నట్టు తెర మీద ఎర్ర అంకెలు కనిపిస్తూనే ఉన్నా, ముసలమ్మ తట్ట దించుకొని, మళ్లీ ఎత్తుకొని పెట్టె ఎక్కే దాకా రైలును కదలనివ్వలేదు. ఎక్కువమంది మాత్రం మాటలు తెర మీదికి రాగానే స్కిప్ నొక్కేసి, ముందు ఎలా ఆడారో అలాగే ఆడారు.

ఆడే తీరును శాసించేది నియమాలేననీ, కథ పైపూత మాత్రమేననీ, ఆగినవారు కథ లేకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఆగేవారేననీ నా మిత్రుడి వాదన. నాకు అది నమ్మబుద్ధి కావడం లేదు గాని, కాదని చెప్పడానికి గట్టి ఆధారమూ కనిపించడం లేదు. కథ నిజంగా ఆడే తీరును మారుస్తుందా, మారిస్తే ఏ రకమైన కథ మారుస్తుంది, స్కిప్ నొక్కేవారి విషయంలో ఏం చేయాలి అన్నవి నా సందేహాలు. పెద్ద పెద్ద గేముల గురించి తెలిసినవారు ఉదాహరణలతో చెబితే మా గదిలో తగువు తీరుతుంది.

బరంపురం_పార్లర్ సమాధానం

తమ్ముడూ, నేను బరంపురంలో గేమింగ్ పార్లర్ నడుపుతున్నాను. అంతకు ముందు అదే గదిలో నెట్ సెంటర్ ఉండేది. కాబట్టి పుస్తకాల సంగతి పక్కన పెట్టి, కళ్లతో చూసినది చెబుతాను.

నెట్ సెంటర్ రోజుల్లో మా దగ్గర అందరూ ఆడినది వైస్ సిటీ, ఆ తరువాత శాన్ ఆండ్రియాస్. 2002లోనూ 2004లోనూ వచ్చిన ఈ రెండు ఆటలలోనూ మంచి కథ ఉందని మా కుర్రాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. గంటకింత అని డబ్బు కట్టి కూర్చున్నవాడికి గడియారం మీదే దృష్టి. పైగా పాత్రలు మాట్లాడేది అమెరికా యాసలో ఇంగ్లీషు. మిషన్‌లో, అంటే ఆట అప్పగించే పనిలో, ఏం చేయమంటున్నారో అర్థం కాదు, చేసినా సేవ్ చేసుకునే వీలుండదు. అందుకని నోటుబుక్కు వెనక రాసుకొచ్చిన చీట్ కోడ్లు కొట్టి, ట్యాంకు తెప్పించుకొని, దొరికినవాడినల్లా తొక్కించి, గంట పూర్తయితే లేచి వెళ్లేవారు. ఆ ఆటలు హింస నేర్పుతాయని అప్పట్లో పెద్దవాళ్లు గోల పెట్టేవారు గాని, నాకు అనిపించేది ఒక్కటే: కథ చెవికి ఎక్కని చోట ఆట మొత్తం బొమ్మకార్ల గొడవగా మిగిలిపోతుంది. తొక్కేది మనిషిని అన్న తలంపే రాదు.

ఇప్పుడు దీనికి ఎదురుగా మరొకటి చూడండి. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఇంకా పూర్తి చేయనివారు ఈ పేరా వదిలేయండి. మా పార్లర్‌కు వచ్చే ఒక కుర్రవాడు ఆ ఆట మొదట్లో దారిన పోయేవారిని తాడుతో కట్టి రైలు పట్టాల మీద పడుకోబెట్టి, రైలు వచ్చే దాకా చూసి నవ్వేవాడు. ఆటలో అది చేయవచ్చు, ఎవరూ ఆపరు. కథానాయకుడు ఆర్థర్ మోర్గన్ మొదట్లోనే ఒక జబ్బు మనిషిని అప్పు కోసం కొడతాడు; ఆ మనిషి దగ్గినప్పుడు అంటుకున్న క్షయ చాలా కాలానికి బయటపడుతుంది. డాక్టరు ఆ మాట చెప్పిన రోజు మా కుర్రవాడు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకొని కాసేపు అలాగే కూర్చున్నాడు. ఆ తరువాత వారం నుంచి వాడి ఆట తీరే మారింది. దారిలో ఎదురైన ప్రతివారికీ బటన్ నొక్కి పలకరింపు, శిబిరంలో డబ్బుల పెట్టెలో ఎంతో కొంత వేయడం, గుర్రానికి ఒళ్లు తోమి మేత పెట్టడం. మంచి పేరు తెచ్చుకుంటే దుకాణాలలో ధరలు తగ్గుతాయని ఆటలో ఒక నియమం ఉన్న మాట నిజమే. వాడికి మాత్రం ఆ సంగతి తెలియదు. నేను చెబితే ఆశ్చర్యపోయాడు.

ఇంకొక సంగతి. వాడు ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు. పక్కన కూర్చొని చూసేవారికి సగం తెలుగు, సగం ఒడియా కలిపి కథ చెబుతూ ఆడేవాడు. అలా విన్నవాళ్లు తమ వంతు వచ్చినప్పుడు పట్టాల మీద ఎవరినీ పడుకోబెట్టలేదు. మీ మిత్రుడు చెప్పినట్టు ముందే మంచివాళ్లయినందుకు అలా ఆడారని నేను ఒప్పుకోను. వాళ్లను నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును.

రాయగడ_నుంచి_పుణె సమాధానం

పార్లర్ అన్నయ్యగారు చెప్పినదాన్ని తయారీ వైపు నుంచి చూస్తాను. మాది రాయగడ. ప్రస్తుతం పుణెలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తూ, తీరిక వేళల్లో చిన్న ఆటలు తయారు చేస్తుంటాను.

నియమమా, కథా అని విడదీయడంలోనే మీ గది తగువుకు మూలం ఉందని నాకు తోస్తోంది. ఆడేవారిని కదిలించిన ఆటలన్నిటిలోనూ కథ వచ్చి నియమం లోపలే కూర్చుంటుంది. 2003లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద సాండ్స్ ఆఫ్ టైమ్ చూడండి. ఆటంతా రాకుమారుడు తన కథను చెబుతున్నట్టుగా సాగుతుంది. మీరు లోయలో పడి చనిపోతే, అబ్బే, అలా జరగలేదు, మళ్లీ చెబుతాను అన్నట్టుగా అతని గొంతు వినిపిస్తుంది. చనిపోతే వెనక నుంచి ఆడాలన్నది ప్రతి ఆటలోనూ ఉండే విసుగు నియమం. ఇక్కడ అది చెప్పేవాడి నోరు జారడంగా మారింది. 2007 నాటి మొదటి అసాసిన్స్ క్రీడ్‌లో మనం నడిపేది ఒక పూర్వీకుడి జ్ఞాపకాన్ని. అమాయకులను చంపితే, ఆయన ఈ పని చేయలేదు అంటూ ఆట హెచ్చరిస్తుంది, ప్రాణశక్తి తగ్గిస్తుంది. చేయకూడదు అనడం కన్నా ఆయన చేయలేదు అనడం ఆడేవారిని ఎక్కువగా కట్టిపడేస్తుంది.

మీ ఆటకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది 2013లో లూకాస్ పోప్ ఒక్కడే తయారు చేసిన పేపర్స్, ప్లీజ్. అందులో మనం సరిహద్దు చెక్‌పోస్టులో కాగితాలు తనిఖీ చేసే ఉద్యోగులం. ఆంధ్ర బస్సెక్కి తిరిగే మనకు సరిహద్దు అంటే ఒక వంతెనో, ఒక బోర్డో గాని, ఆ ఆటలో ముద్ర పడకపోతే మనిషి ఇటు రాలేడు. సరిగా తనిఖీ చేసిన ప్రతి మనిషికీ మనకు 5 క్రెడిట్ల కూలి. దానితోనే ఇంటి అద్దె, తిండి, చలికి వెచ్చదనం, మందులు. రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరికతో సరిపెడతారు. మూడో తప్పు నుంచి కూలిలో కోత. ఇంతవరకు శుద్ధ లెక్క. అప్పుడు ఒకాయన వస్తాడు, కాగితాలన్నీ సరిగా ఉంటాయి. వెనక నా భార్య ఉంది, కాస్త దయ చూడండి అని చెప్పి లోపలికి వెళతాడు. ఆమె దగ్గర ప్రవేశ అనుమతి పత్రం ఉండదు. కథ అంతే, రెండు మూడు వాక్యాలు. ఆ తరువాత ఆడేవారిలో ఒక విచిత్రమైన అలవాటు మొదలవుతుంది: ఆ రెండు హెచ్చరికలను పొరపాట్ల మీద వృథా చేయకుండా, దయ చూపవలసిన మనిషి ఎవరైనా వస్తే ఖర్చు పెట్టడానికని దాచుకుంటారు. ఏమరుపాటుకు ఇచ్చిన వెసులుబాటు జాలికి పెట్టిన పద్దుగా మారిపోయింది. నియమం అదే, వాడుకునే తీరు వేరు. కథ ఆడే తీరును మార్చదని మీ మిత్రుడు మళ్లీ అంటే ఈ ఒక్క ఉదాహరణ చెప్పండి చాలు.

కథా నియమమూ పొసగకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. 2007లో వచ్చిన బయోషాక్ మీద విమర్శ రాస్తూ, అదే ఏడాది క్లింట్ హాకింగ్ అనే డిజైనర్ ఈ పొసగకపోవడానికి లూడోనరేటివ్ డిసొనెన్స్ అని పేరు పెట్టాడు. ఆ ఆటలో చిన్నపిల్లల ఒంట్లో ఉన్న ఆడమ్ అనే పదార్థం మనకు శక్తినిస్తుంది. పిల్లను బలి చేస్తే 160, కాపాడితే 80. ఇక్కడి దాకా నిజమైన పరీక్షే. కాని ముగ్గురిని కాపాడగానే 200 కానుకగా వస్తుంది. లెక్క వేసుకోండి: ముగ్గురిని బలి చేస్తే 480, ముగ్గురిని కాపాడితే 440, పైన ఇతర కానుకలు. మంచితనానికి దాదాపు ఖర్చే లేదని తెలిసిపోయాక, ఆడేవారు పిల్లల ముఖం చూడడం మాని పద్దు చూసుకోవడం మొదలుపెడతారు. ఇక 2015 నాటి విచర్ 3లో కథానాయకుడు గెరాల్ట్ తన పెంపుడు కూతురి కోసం దేశమంతా వెతుకుతుంటాడు, ఆమె ప్రాణం మీదికి వచ్చిందని అందరూ చెబుతుంటారు. మనమేమో సత్రంలో కూర్చొని తాపీగా గ్వెంట్ పేకాట ఆడుకుంటాం. అది గొప్ప ఆటే, నాకు చాలా ఇష్టం కూడా. అయితే తొందర అన్నది మాటల్లో ఉండి గడియారంలో లేకపోతే ఎవరూ తొందరపడరు.

మీ ఆటలో గడియారం ఉంది, అది మీ అదృష్టం. అందుకే ముసలమ్మ కోసం ఆగినవారికి తరువాత ఎక్కడా బోనస్ ఇవ్వకండి. ఇచ్చిన మరుక్షణం వారు ఆగేది బోనస్ కోసమే అవుతుంది, అప్పుడు మీ మిత్రుడి వాదనే గెలుస్తుంది.

స్కిప్ గురించి ఒక్క మాట. ఇక్కడ పుణెలోనే నోడింగ్ హెడ్స్ గేమ్స్ వారు తయారు చేయగా 2020లో వచ్చిన రాజీ: ఆన్ ఏన్షియంట్ ఎపిక్ అన్న ఆటలో, తమ్ముడి కోసం వెతికే అమ్మాయి కథను దుర్గాదేవీ, విష్ణుమూర్తీ ఆమెను చూస్తూ మాట్లాడుకుంటారు. ఆడేవారి చేతులు పనిలో ఉండగానే కథ చెవిన పడుతుంది. చేతులు ఖాళీగా ఉంచి చదవమంటే ఎవరైనా స్కిప్పే నొక్కుతారు.

జయపురం_టీచరు సమాధానం

నేను జయపురంలో స్కూలు టీచరును. ఇంట్లో ఇద్దరు పిల్లలు ఆడుతుంటే చూడడమే తప్ప నాకు ఈ ఆటలు అంతగా రావు. అయినా గుణుపురం అబ్బాయి అడిగినదానిలో ఒక సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను.

బాబూ, మీరు ఆ సంభాషణలు ఏ లిపిలో రాశారు? మన వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలలో చాలామంది బడిలో చదివేది ఒడియానో, ఇంగ్లీషో. తెలుగులో గలగలా మాట్లాడతారు గాని, రాసిన తెలుగు వాక్యం ఇస్తే కూడబలుక్కొని చదవాలి. మీ హాస్టల్లో స్కిప్ నొక్కినవారిలో ఎంతమందికి కథ అక్కరలేదో, ఎంతమందికి చదవడం కష్టమైందో ముందు విడదీసి చూడండి. మా పెద్దవాడు తెర మీద తెలుగు కనిపిస్తే ముందు నా వైపు చూస్తాడు. అదే మాట వినిపిస్తే చెవులు రిక్కిస్తాడు. ముసలమ్మ చేత మీ వైపు యాసలోనే మాట్లాడించండి. రికార్డు చేయడానికి స్టూడియో ఎందుకు, మీ నాయనమ్మ గారినో అమ్మమ్మ గారినో అడిగితే సరిపోదా?

కథ రాయకపోయినా పిల్లలు కథ కల్పించుకొనే ఆడతారని కూడా మరిచిపోకండి. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు మా పిల్లలు ముఖాలు వేలాడేసుకున్నారు. 2021లో అదే ఆట మన దేశం కోసం బీజీఎంఐ అన్న పేరుతో రాగానే మళ్లీ మొదలుపెట్టారు. అందులో రాసిపెట్టిన కథ ఏముంది? వంద మంది దిగుతారు, చివరికి మిగిలినవారు గెలుస్తారు. అయినా మావాళ్లు ఎప్పుడూ ఆ ఆటలోని పొచింకీ అనే ఊరిలోనే దిగుతారు. ఎందుకని అడిగితే, పోయినసారి అక్కడ ఫలానా మేడ మీద మా స్నేహితుణ్ని కొట్టారు, ఆ బాకీ తీర్చుకోవాలి అంటారు. తెలివిగా ఆడాలంటే జనం తక్కువ ఉన్న మూలకు దిగాలి, ఆ సంగతి వారికీ తెలుసు. తమ కథ కోసం ఓడిపోవడానికి సిద్ధపడుతున్నారు. మార్కులు పోయినా ముసలమ్మ కోసం ఆగడంలో ఉన్నదీ ఇదే కదా.

ఇక స్కిప్ విషయం. మనకు కథ చెప్పేవారు ఊఁ కొట్టమంటారు. ఊఁ ఆగిపోతే, నిద్రపోయావా అని కథ ఆపేస్తారు. మీ ఆటలో ఊఁ కొట్టే పని ఎవరికీ లేదు, అంతా ముందే చెప్పేస్తున్నారు. అలా కాకుండా, రైలు స్టేషనులో నిలిచి ఉన్నంతసేపే ప్రయాణికులు మాట్లాడేటట్టు చేయండి. జెండా ఊపగానే మాట సగంలో తెగిపోవాలి. అప్పుడు స్కిప్ బటన్ వేరే ఎందుకు? జెండాయే స్కిప్. వినాలనుకుంటే ఆగుతారు, ఆగితే మార్కులు పోతాయి, అది వారి ఇష్టం.

గుణుపురం_గార్డు

అందరికీ కృతజ్ఞతలు. టీచరుగారూ, జెండాయే స్కిప్ అన్న మాట చదివి మా గదిలో ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తెలుగులో చదవడం గురించి అడిగి చూశాను. స్కిప్ నొక్కినవారిలో బరంపురం, కోరాపుట్ వైపు నుంచి వచ్చి ఒడియా మీడియంలో చదివినవారే ఎక్కువ. టెక్కలి, పాతపట్నం నుంచి వచ్చినవారు చాలావరకు చదివారు. తెర మీది రాత తీసేసి గొంతులు పెడుతున్నాం. బోనస్ ఏదీ ఉండదు.

అయితే నా మిత్రుడు ఊరుకోలేదు. కథ బాగుందని వినడానికి ఆగడం వేరు, మనిషి కోసం ఆగడం వేరు కదా, ముసలమ్మ కబుర్లు రసవత్తరంగా ఉంటే వినోదం కోసం ఆగుతారు, దానికి జాలి అని పేరెలా పెడతావు అంటున్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

రాయగడ_నుంచి_పుణె

మీ మిత్రుడు మంచి డిజైనర్ అవుతాడు, వదులుకోకండి. ఆయన అడిగినదానికి వాదనతో జవాబు దొరకదు, ఆటలోనే పరీక్ష పెట్టండి. ప్రయాణికులందరి చేతా బాగా మాట్లాడించకండి. మీ గుమాస్తాను తీసుకోండి: చెప్పిందే చెబుతాడు, జీతం గొడవ తప్ప మరొకటి ఉండదు, వినేవారికి విసుగు. కాని అతనికి కాలు నొప్పి, మెట్లెక్కడానికి ముసలమ్మ కన్నా ఎక్కువసేపు పడుతుంది. ముసలమ్మ కోసం ఆగినవారు గుమాస్తా కోసం కూడా ఆగుతారో లేదో చూడండి. ఆగితే అది వినోదం కాదు.

ఒక జాగ్రత్త. ఫార్ క్రై 4 మొదట్లో భోజనాల బల్ల దగ్గర ప్రతినాయకుడు, ఇక్కడే కూర్చో, ఇప్పుడే వస్తాను అని చెప్పి వెళతాడు. ఆటల అలవాటు ఉన్నవారందరూ వెంటనే లేచి తప్పించుకొని పోతారు. కదలకుండా దాదాపు పావుగంట కూర్చుంటే అతను నిజంగానే తిరిగి వచ్చి, మనం వచ్చిన పని దగ్గరుండి చేయించి పంపుతాడు. ఆట అక్కడే ముగుస్తుంది. 2014లో వచ్చిన ఆ ఆటలో ఆ దారి ఉందని మొదటిసారి ఆడినవారిలో ఎక్కువమందికి తట్టనేలేదు, ఎందుకంటే ఆగడం కూడా ఒక ఎత్తేనని ఏ ఆటా వారికి నేర్పలేదు. కాబట్టి మొదటి స్టేషనులోనే, టెక్కలిలో, ఆగితే ఏమవుతుందో అందరికీ తెలిసేటట్టు చేయండి. ఆ తరువాత చెప్పకండి.

బరంపురం_పార్లర్

తయారయ్యాక పెన్‌డ్రైవ్‌లో వేసి పట్టుకురండి తమ్ముడూ, ఆదివారం మధ్యాహ్నం ఒక సిస్టమ్ ఖాళీగా ఉంచుతాను. కథ ఉన్న ఆట అని బోర్డు మీద రాయను, రైలు ఆట అని మాత్రమే రాస్తాను. గంట లెక్క కూడా ఆ ఒక్క సిస్టమ్‌కు తీసేస్తాను, లేకపోతే నా గడియారం మీ గడియారంతో కలిసి అందరినీ తొందరపెడుతుంది. హెడ్‌ఫోన్లు మాత్రం మీరే తెచ్చుకోవాలి. మా గదిలో నలుగురు బీజీఎంఐ ఆడుతుంటే ముసలమ్మ గొంతు వినిపించదు.

జయపురం_టీచరు

గుమాస్తా గొంతుకు ఎవరూ దొరకకపోతే చెప్పండి. మా స్టాఫ్‌రూములో ఒకాయన ఉన్నారు, రాసివ్వనక్కరలేదు.